మన భాషకు ఫాంటు లేదా? సీసం అక్షరాల నుంచి ఫ్లెక్సీ దాకా ఒక చరిత్ర



ఆగస్టు 9 దగ్గర పడుతుంటే మన హాస్టళ్లలో హడావుడి ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. చందాలు, డోళ్లు, ఊళ్ల నుంచి పెద్దల్ని తీసుకురావడానికి జీపు, అన్నం వండేవాళ్లు. వీటన్నిటి మధ్య బ్యానర్ సంగతి ఆఖరి రోజే గుర్తొస్తుంది.

మూడేళ్ల కిందట మేం అలా ఆఖరి రోజే వెళ్లాం. బ్యానర్ మీద మూడు వరుసలు ఉండాలి అనుకున్నాం. పైన గోండి, గుంజాల లిపిలో. దాని కింద తెలుగు. చివర ఇంగ్లీషు. లాప్‌టాప్‌లో ముందే టైపు చేసుకుని, ఆ ఫైలు పట్టుకెళ్లి ఫ్లెక్సీ షాపులో ఇచ్చాం. సాయంత్రం వెళ్లి చూస్తే ఇంగ్లీషు వరుస అద్దంలా ఉంది. తెలుగు వరుసలో "ప్‌రపంచ ఆదివాసీ దినోత్‌సవం" అని ఉంది. ఒత్తులన్నీ విడిపోయి పక్కకు పడ్డాయి. గోండి వరుసలో ఒక్క అక్షరం లేదు. వరుసగా ఖాళీ డబ్బాలు.

షాపాయన మంచివాడే. "మీ భాషకు ఫాంటు లేదు తమ్ముడూ, ఆ లైను తీసేద్దామా?" అన్నాడు. తెల్లారితే ప్రోగ్రాం. తెలుగు వరుసను ఆయన తన పాత ఫాంటులో మళ్లీ కొట్టాడు. గోండి వరుస తీసేశాం.

ఆ మాట మాత్రం మమ్మల్ని వదల్లేదు. మన భాషకు ఫాంటు లేదా? నిజంగా లేదా, లేక ఆ కంప్యూటర్లో లేదా? వెతకడం మొదలుపెడితే అది వందేళ్ల వెనక్కి తీసుకెళ్లింది. మేం తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

గళ్ల పెట్టెలో లేని అక్షరం

కంప్యూటర్లు రాకముందు అచ్చంటే సీసం అక్షరాలు. ఒక్కో అక్షరానికి ఒక్కో సీసం ముక్క. వాటిని గళ్లున్న చెక్క పెట్టెలో పెట్టుకుని, కంపోజిటర్ ఒక్కొక్కటే ఏరి వరుస పేర్చేవాడు. ఇంగ్లీషుకు తక్కువ గళ్లు చాలు. తెలుగుకు గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపి వందల ముక్కలు కావాలి. ఏ భాషకైనా సూత్రం ఒక్కటే: పెట్టెలో లేని అక్షరం కాగితం మీదకు రాదు.

ఈ ఇబ్బంది మన భాషల్లో సవరకూ ఎదురైంది. శ్రీకాకుళం, పర్లాకిమిడి కొండల్లో సవరల మధ్య తిరిగి ఆ భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి గారి పేరు మనందరికీ తెలుసు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరిపేది ఆయన పుట్టినరోజునే. తెలుగు వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి బడిలో చెబుతారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆయన పడ్డ తపన గురించి అంతగా చెప్పరు. మొదట్లో సవర రాయడానికి ఆయన తెలుగు అక్షరాలనే వాడారు. కానీ సవరలో గొంతు దగ్గర గాలి ఆపి పలికే ధ్వని ఒకటుంది. తెలుగు అక్షరాల్లో దానికి గుర్తు లేదు. పెట్టెలో గడి లేదు.

1931లో ఆయన సవర వ్యాకరణం మద్రాసులో అచ్చయింది. 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. ఈ రెంటిలో సవర మాటలు ఉచ్చారణ గుర్తులు కలిపిన రోమన్ అక్షరాల్లో ఉంటాయి. వ్యాకరణం పుస్తకం అట్ట మీద "సోరా" అన్న పేరు చూడండి. 'సో' తర్వాత రెండు చుక్కలు, 'రా' తర్వాత రెండు చుక్కలు. దీర్ఘం అని చెప్పడానికి. రెండు చుక్కల ముక్క ఏ అచ్చాఫీసు పెట్టెలోనైనా ఉంటుంది. ఉన్న ముక్కలతో లేని ధ్వనిని చూపించాలంటే అలాంటి దారులే వెతుక్కోవాలి.

అదే కాలంలో సవరల్లోనే ఇంకో దారి తొక్కినవాళ్లున్నారు. 1936లో మంగేయ్ గొమాంగో సవరకు సొంత లిపి తయారుచేశారు. దాని పేరు సొరాంగ్ సొంపెంగ్. గోండికి అంతకంటే ముందే, 1918లో, మధ్యప్రదేశ్ బాలాఘాట్ ప్రాంతానికి చెందిన మున్షీ మంగళ్‌సింగ్ మసరాం ఒక లిపి రూపొందించారు. సంతాలీకి 1925లో పండిత్ రఘునాథ్ ముర్ము ఓల్ చికి ఇచ్చారు. ఇరవై ఏళ్లు తిరక్కుండా మూడు ఆదివాసీ భాషలకు మూడు లిపులు. వేరేవాళ్ల పెట్టెలో గడి దొరకదని తెలిసి, మన పెద్దలు ఎవరి పెట్టె వాళ్లే చేసుకోవాలనుకున్నారు.

మన ఆదిలాబాద్ వైపు కథ ఇంకోలా నడిచింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన సలహాతో 1943లో మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ మొదలైంది. బడి పిల్లల కోసం గోండి వాచకాలు అచ్చువేశారు. భాష గోండి, అక్షరాలు దేవనాగరి. అప్పటికే ఆ ప్రాంతంలో అక్షరం వచ్చిన గోండులు చదివేది మరాఠీ, అంటే ఆ లిపి తెలిసిందే. అచ్చు ముక్కలూ దొరికేవే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక బడి భాష తెలుగైంది. ఆ వాచకాలు వాడుకలోంచి పోయాయి. ఒకే ఇంట్లో తాత చదివిన గోండిని మనవడు చదవలేని పరిస్థితి అలా వచ్చింది. మారింది భాష కాదు, లిపి.

ఇదంతా జరుగుతున్నప్పుడు నార్నూర్ మండలం గుంజాలలో కొన్ని చేతిరాత ప్రతులు గోండు ఇళ్లలో మూటల్లో ఉన్నాయి. ఆ లిపి మార్లవాయి వాచకాల్లోకి రాలేదు. చేతిరాతలోనే ప్రాణం నిలుపుకుంది.

పేజ్‌మేకర్ రోజులు

1985లో పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. సీసం ముక్కలు పోయి, తెర మీదే పేజీ కట్టుకోవడం మొదలైంది. తెలుగు నాట కూడా ఊరూరా డీటీపీ సెంటర్లు వెలిశాయి. అను, శ్రీలిపి లాంటి ఫాంట్లు వచ్చాయి. పెళ్లి శుభలేఖల నుంచి ఉద్యమాల కరపత్రాల దాకా అన్నీ వాటితోనే.

ఈ ఫాంట్లు పనిచేసే పద్ధతి తెలిస్తే మన కష్టం సగం అర్థమవుతుంది. అప్పటి ఫాంటులో ఉండేది గరిష్ఠంగా 256 గదులు. అవి ఇంగ్లీషు కోసం కట్టిన గదులు. తెలుగు ఫాంటు చేసినవాళ్లు ఆ గదుల్లో ఇంగ్లీషు అక్షరాలు తీసేసి తలకట్టు, కొమ్ము, గుడి, ఒత్తు ముక్కల్ని పెట్టారు. మనం తెలుగు చూస్తున్నాం అనుకుంటాం గానీ, కంప్యూటర్ లెక్కలో ఆ ఫైల్లో ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల నంబర్లే. పైన తొడుక్కున్న చొక్కా మాత్రం తెలుగు. ఒక్కో కంపెనీ గదులు ఒక్కోలా సర్దింది. కాబట్టి ఒక ఫాంటులో కొట్టింది ఇంకో ఫాంటులో చదవలేం. ఆ చొక్కా విప్పితే మిగిలేది అర్థంలేని ఇంగ్లీషు గీతలు.

దీనివల్ల ఏమైందో మేం కళ్లారా చూశాం. మా సీనియర్లు 2000ల మొదట్లో దండారి పాటలు సేకరించి, తెలుగు లిపిలో గోండిగా రాసి, టౌన్లో డీటీపీ చేయించారు. డబ్బులు చాలక పుస్తకం వేయలేదు. ఆ సీడీ ఒకరి ఇంట్లో ట్రంకు పెట్టెలో దొరికితే ఎంత సంతోషపడ్డామో. తెరిస్తే 80 పేజీల గజిబిజి. ఏ ఫాంటులో కొట్టారో ఎవరికీ గుర్తులేదు. ఆ సెంటర్ ఎప్పుడో మూసేశారు. పాడినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు. చివరికి తెలిసిన ఫాంట్లన్నీ ఒక్కొక్కటే వేసి చూసి, రెండు నెలలకు సరైనది పట్టుకున్నాం. కన్వర్టర్‌తో చాలావరకు వచ్చింది. గోండి పలుకుబడి కోసం సీనియర్లు పెట్టుకున్న ప్రత్యేక గుర్తులు మాత్రం కన్వర్టర్‌కు తెలియవు. అవి పోయాయి. ఆ చోట్లలో ఏముండేదో ఊళ్లో పెద్దల్ని కూర్చోబెట్టి పాడించుకుని మళ్లీ రాస్తున్నాం.

కాబట్టి ఇది అందచందాల సమస్య మాత్రమే అనుకోవద్దు. పాట పోతుంది.

నంబర్లు వచ్చాయి, సాఫ్ట్‌వేర్ రాలేదు

ఈ గందరగోళానికి మందుగా వచ్చిందే యూనికోడ్. ప్రపంచంలోని ప్రతి అక్షరానికీ దాని సొంత నంబరు ఉండాలి, ఆ నంబరు ఇంకెవరిదీ కాకూడదు. ఆలోచన అంతే. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది, 128 గదుల ప్లాటుతో. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. వర్డ్‌లో, ఇంటర్నెట్‌లో తెలుగు కనబడసాగింది.

మరి పోస్టర్లు, పుస్తకాలు చేసే సాఫ్ట్‌వేర్లలో? అక్కడ చాలా ఆలస్యమైంది. కారణం ఇది. యూనికోడ్‌లో "ప్ర" అన్నది ఒక అక్షరం కాదు. ప, పొల్లు, ర అని మూడు నంబర్లు. ఆ మూడింటినీ చూసి, ర‌ను ఒత్తుగా మార్చి, ప కింద సరైన చోట కూర్చోబెట్టే పని సాఫ్ట్‌వేర్‌లో ఉండే ఒక ఇంజిన్‌ది. ఇంగ్లీషుకు ఆ పని అవసరం లేదు. అక్షరాలు పక్కపక్కన పేరిస్తే చాలు. డిజైన్ సాఫ్ట్‌వేర్లు పుట్టింది ఇంగ్లీషు దేశంలో, ఇంగ్లీషు పేజీ కోసం. అందుకే వాటి మామూలు పద్ధతి పక్కపక్కన పేర్చడమే. మన బ్యానర్ మీద "ప్‌రపంచ" వచ్చింది ఇందువల్లే. షాపాయన తప్పు లేదు, మా టైపింగ్ తప్పూ లేదు.

ఇన్‌డిజైన్ 1999లో వచ్చింది. పక్కన వేరే ప్లగిన్ పెట్టుకోకుండా అందులో నేరుగా తెలుగు సరిగ్గా కూర్చోవడానికి 2012 దాకా, సీఎస్6 వెర్షన్ దాకా ఆగాల్సి వచ్చింది. "వరల్డ్-రెడీ కంపోజర్" అనే అమరిక, తెలుగుతో కలిపి పది భారతీయ భాషలకు, అప్పుడు అందింది. యూనికోడ్‌లో నంబరు వచ్చిన 21 ఏళ్లకు! కోట్ల మంది మాట్లాడే, ప్రభుత్వం, సినిమా, పేపర్లు ఉన్న తెలుగుకే ఇంత ఆలస్యమైతే మన భాషల సంగతేంటి?

ఈ మధ్యకాలంలోనే, 2004 ప్రాంతంలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాతృభాషలో చదువు కార్యక్రమం కింద గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా, మొత్తం ఎనిమిది భాషల్లో వాచకాలు తెచ్చారు. లిపి తెలుగు. మనలో కొందరు ఆ పుస్తకాలతోనే ఒకటో తరగతి చదివారు. బడిలో మొదటిసారి ఇంటి మాట కనబడిందన్న సంతోషం ఆ పిల్లలకే తెలుసు. అక్షరాల పెట్టె మాత్రం మళ్లీ పక్కింటిదే.

గుంజాల అక్షరాలకు సొంత గదులు

2006 ప్రాంతంలో ప్రొఫెసర్ జయధీర్ తిరుమలరావు గారి బృందం గుంజాల ప్రతుల్ని బయటి ప్రపంచానికి చూపించింది. ఆ లిపి చదవగలిగిన పెద్దలు అప్పటికి చాలా కొద్దిమంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పని మొదలైంది. అన్షుమన్ పాండే యూనికోడ్ సంస్థకు ప్రతిపాదన రాశారు. 2017లో మసరాం లిపికి, 2018 జూన్‌లో గుంజాల గోండికి యూనికోడ్‌లో చోటు దొరికింది. గుంజాలకు 63 అక్షరాలు, గుర్తులు, అంకెలు. అవును, మనకు సొంత అంకెలు కూడా ఉన్నాయి. ఓల్ చికి 2008లో, సొరాంగ్ సొంపెంగ్ 2012లో అప్పటికే చేరాయి.

ఇక్కడ మాకు బాగా నచ్చిన విషయం ఒకటి. గుంజాల వర్ణమాల క, ఖ, గ, ఘ అని మొదలవదు. య, వ, బ, భ, మ, క, ఖ, త, థ, ల అని నడుస్తుంది. మన పెద్దలు రాసుకున్న వరుస అది. యూనికోడ్‌లో నంబర్లు ఇచ్చేటప్పుడు దాన్ని తెలుగు, హిందీ వరుసలోకి సర్దలేదు. య తోనే మొదలుపెట్టారు. అంటే ఆ నంబర్ల వరుసలో కంప్యూటర్ మాటల్ని పేరిస్తే, గుంజాల పెద్దల వరుసే వస్తుంది. వందేళ్లుగా ఎవరి పెట్టెలోనో సర్దుకున్న భాషకు ఇది చిన్న విషయం కాదు.

ఫాంటు కూడా ఉంది. గూగుల్ నోటో కుటుంబంలో గుంజాల గోండి ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. ఫాంటు లేనప్పుడు కనబడే ఖాళీ డబ్బాలకు డిజైనర్లు పెట్టిన ముద్దుపేరు 'టోఫు'. 'ఇక టోఫు ఉండకూడదు' అన్న ఇంగ్లీషు మాటల్లోంచే నోటో అన్న పేరు వచ్చింది. మన బ్యానర్ మీద ఆ రోజు కనబడింది ఆ టోఫునే. ఫాంటు మా లాప్‌టాప్‌లో ఉంది, షాపు కంప్యూటర్లో లేదు. అంతే సంగతి.

ఇంకో చిక్కు కూడా ఉంది. యూనికోడ్‌లో మొదటి 65,536 గదులు నిండిపోవచ్చాక, ఆలస్యంగా వచ్చిన లిపులకు ఆ తర్వాతి గదులు ఇచ్చారు. గుంజాల, మసరాం రెండూ అక్కడే ఉన్నాయి. పాత సాఫ్ట్‌వేర్లు కొన్నిటికి ఆ హద్దు దాటి చూడటమే రాదు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఊరి చివర ప్లాటు ఇస్తే, అక్కడిదాకా రోడ్డు పడటానికి ఇంకొన్నాళ్లు పడుతుంది కదా, అలా.

ఆ రోడ్డు వేస్తున్నది ఎక్కువగా ఉచిత సాఫ్ట్‌వేర్ వాళ్లు. హార్ఫ్‌బజ్ అనే ఒక ఇంజిన్ ఉంది. పర్షియన్ మాటలతో కట్టిన పేరు. అక్షరాల్ని కలిపి కూర్చోబెట్టడం దాని పని. మన ఆండ్రాయిడ్ ఫోన్లో, క్రోమ్‌లో, లిబ్రెఆఫీస్‌లో అదే ఉంది. ఇన్‌డిజైన్ కొత్త వెర్షన్లలోకి కూడా వచ్చింది. పేజీలు కట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్, పోస్టర్లు గీసే ఇంక్‌స్కేప్ కూడా దాని మీదే నడుస్తాయి. రూపాయి ఖర్చు లేకుండా హాస్టల్ కంప్యూటర్లో పెట్టుకోవచ్చు.

మరి మన పని ఏంటి?

2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాట్లాడేవాళ్లు సుమారు 29.8 లక్షలు. అయినా ఎనిమిదో షెడ్యూల్లో గోండి లేదు. 2003 రాజ్యాంగ సవరణతో సంతాలీ అందులో చేరింది. ఆ పోరాటం వేరే, దాని గురించి ఇంకోసారి రాస్తాం. కానీ నంబరు, ఫాంటు, ఇంజిన్ మూడూ ఉన్నాక కూడా మన వరుస బ్యానర్ మీద రాకపోతే, అందులో మన వంతు కూడా ఉంది. మేం నేర్చుకున్నవి ఇవి.

ఒకటి. షాపుకు వెళ్లేటప్పుడు ఫాంటు ఫైలు కూడా వెంట తీసుకెళ్లండి. లేదా ఫాంటు లోపలే ఇమిడిన పీడీఎఫ్ ఇవ్వండి. ఖాళీ డబ్బాలు రావు.

రెండు. ఇన్‌డిజైన్‌లో అయితే పారాగ్రాఫ్ మెనూలో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోమనండి. ఫోటోషాప్‌లో ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి, టైప్ దగ్గర దక్షిణాసియా భాషలున్న ఆప్షన్ చూడమనండి. పాత వెర్షన్లలో అది మార్చాక కొత్త ఫైలు తెరవాలి. ఒత్తులు వాటి చోటికి వచ్చేస్తాయి.

మూడు. వరుసల మధ్య ఎడం. ఇన్‌డిజైన్ దానంతట అది ఇచ్చేది అక్షరం సైజులో 120 శాతం. ఇంగ్లీషుకు అది సరిపోతుంది. తెలుగులో పై వరుస ఒత్తు, కింది వరుస గుడి గుద్దుకుంటాయి. 140, 150 దాకా పెంచండి. మూడు లిపులు ఒకే పేజీలో ఉంటే ఒక్కోదానికి వేరే స్టైల్ కట్టుకోండి. ఒకే సైజు నంబరు ఇచ్చినా మూడూ ఒకే సైజులో కనబడవు. నంబరు చూడకండి, కంటితో చూసి సరిచేయండి.

నాలుగు, అన్నిటికంటే ముఖ్యమైనది. ప్రెస్సుకు ఇచ్చేటప్పుడు అక్షరాల్ని కర్వ్స్ చేస్తారు. అప్పుడవి అక్షరాలు కావు, బొమ్మలు. అచ్చుకు మంచిదే. కానీ దాచుకోవాల్సింది ఆ ఫైలును కాదు. యూనికోడ్‌లో ఉన్న మామూలు టెక్స్ట్ ఫైలు ఒకటి వేరుగా దాచండి, నలుగురి దగ్గర. బొమ్మగా దాచిన పాటను రేపు ఎవరూ వెతకలేరు, కాపీ చేయలేరు, ఫోన్లో వినిపించుకోలేరు.

ఐదు. ఏ లిపిలో రాయాలి అన్న దగ్గర మనలో మనం గొడవ పడకుందాం. గుంజాల, మసరాం, దేవనాగరి, తెలుగు, అన్నిట్లోనూ మన భాష ఉంది. ఆరేడు రాష్ట్రాల్లో చెల్లాచెదురైన జాతికి ఇలాగే ఉంటుంది. తెలుగు లిపిలో గోండి రాసినా, కోయ రాసినా అది మన భాషే. పాట మాత్రం ముందు ఫైలెక్కాలి.

పోయిన ఏడాది బ్యానర్ మేమే కట్టాం, స్క్రైబస్‌లో. రెండు రాత్రులు పట్టింది. పైన గోండి వరుస, సంవత్సరం కూడా గుంజాల అంకెల్లో. తప్పులు లేవని చెప్పం. ఒక అక్షరం దగ్గర నార్నూర్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆగి, వేలితో చూపించి, ఇది ఇలా కాదు బిడ్డా అని గాల్లో రాసి చూపించాడు. ఫాంటు తప్పో మా టైపింగ్ తప్పో అక్కడే కూర్చుని చూసుకున్నాం. మా తప్పే. డబ్బాలుంటే ఆయన ఆగి చూసేవాడే కాదు, తప్పు చెప్పేవాడూ కాదు.

ఒక్క విన్నపం. మీ ఇళ్లలో, మీ సంఘాల పాత ట్రంకు పెట్టెల్లో పేజ్‌మేకర్ కాలపు సీడీలు, ఫ్లాపీలు, ప్రింటౌట్లు ఉంటే పారేయకండి. కోయ, సవర, కొలామి, బంజారా, ఏ భాషవైనా సరే. అవి ఏ ఫాంటులో కొట్టారో గుర్తున్న మనిషి ఉంటే ఈ వారమే అడిగి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. తెరుచుకోకపోతే ఇక్కడ కామెంట్లో చెప్పండి, కలిసి కూర్చుని చూద్దాం.

జై సేవా. జోహార్.